నలభై రెండు ఆకుల విన్నపం

అనగనగా ఒక అడవిలో అచ్చం మీలాంటి వాళ్ళే ఉండేవాళ్ళు. మీలాంటి వాళ్ళంటే ఎలాంటి వాళ్ళో చెప్పనా? కావలసింది ఒకటి, అడిగేవి పది. దాహం వేసి వంటింట్లోకి వస్తారు. ముందు అమ్మని పొగుడుతారు. తర్వాత జంతికల డబ్బా ఎక్కడుందని అడుగుతారు. ఆ తర్వాత పక్కింటి కుక్క కథ మొదలుపెడతారు. చివరికి ఎందుకొచ్చారో మర్చిపోయి, దాహంతోనే ఆటకి పోతారు. మూతి ముడవకండి, నేనూ అంతే. ఆ అడవిలో జంతువులూ అంతే.

ఆ అడవిలో కొండమీద ఒక దొన ఉంది. దొన అంటే రాతిలో దానంతటదే ఏర్పడిన గుంట. పైనుంచి సన్నటి ఊట కాలువ ఒకటి వచ్చి అందులో పడేది. చలికాలమంతా పడి పడి దొన నిండేది. ఆ నీళ్ళే ఎండాకాలమంతా అడవికి దిక్కు.

ఆ ఏడు పెద్దవానకి కొండ పైనుంచి ఒక బండ దొర్లుకుంటూ వచ్చి, సరిగ్గా కాలువకి అడ్డంగా కూర్చుంది. ఊట నీళ్ళు పక్కకి తిరిగి, ఎవరూ దిగలేని లోయలోకి పోసాగాయి. దొన అడుగున కాస్త తడి మాత్రం మిగిలింది.

దొన పక్క బొరియలో మునెమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆమెకి ఇద్దరు పిల్లలు. పొట్టి కాళ్ళు, పొట్టి ముళ్ళు, పెద్ద దాహం. ఇంకోచోట నీళ్ళు కావాలంటే రెండు కొండలు దాటి రోజంతా నడవాలి. పెద్దవాళ్ళు నడవగలరు. ఈ పిల్లలు మొదటి కొండ సగం కూడా ఎక్కలేరు. ఎండలు ముదిరేలోగా బండ కదలకపోతే ఈ పిల్లల్ని ఎలా బతికించుకోవాలో మునెమ్మకి అంతుపట్టలేదు.

ఒకటే ఆశ. ప్రతి ఏడూ వానలు వెనక్కి తగ్గాక ఆ అడవికి ఒక ఏనుగుల మంద వచ్చేది. మూడు రోజులుండి వెదురు మేసేది. మేసినందుకు, పోయేముందు అడవికి ఏదైనా ఒక పని చేసిపెట్టేది. ఒక్కటంటే ఒక్కటే. మూడోరోజు పొద్దు పడమటికి వాలగానే మంద కదలాల్సిందే, ఎందుకంటే వాళ్ళు చీకటి పడేలోగా చేరాల్సిన చోటు చాలా దూరం.

మందకి పెద్దది ఏనుగవ్వ. ఆమె దగ్గర నోటిమాట చెల్లదు. కావలసిన పనేదో టేకు ఆకు మీద రాయాలి. అవ్వకి చూపు సరిగా ఆనదు కాబట్టి, రాసినవాళ్ళే ఎదురుగా నిలబడి చదవాలి. నోటితో చెప్పేవాళ్ళు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చెబుతారని, రాసినవాళ్ళయితే దొరికిపోతారని అవ్వ నమ్మకం.

లేత టేకు ఆకును గీస్తే గీత ఎర్రగా తేలుతుంది. గీయడానికి ముల్లు కావాలి. ముల్లుకి మునెమ్మ ఎక్కడికీ పోనక్కర్లేదు. అందుకే ఆ అడవిలో రాతపనంతా ఆమెదే.

మంద వచ్చిన మొదటిరోజు మునెమ్మ వీపుమీద నుంచి ఒక ముల్లు పీక్కుని, ఒక ఆకు తెంపుకుని ఇలా రాసింది: "బండ అడ్డం పడింది. దొన ఎండింది. బండ జరపండి."

రాసి, ఇంకా ఏమైనా చేర్చాలా అని ఆలోచిస్తూ ఉంది. అప్పుడే చెట్టుమీద నుంచి ఓబులేసు దిగాడు.

ఓబులేసు కొండముచ్చు. పక్క అడవికి రెండుసార్లు పోయొచ్చిన ఘనుడు. రెండోసారి పోయింది దారితప్పి, అయినా ఆయన దాన్ని కూడా కలిపే చెప్పుకునేవాడు. ఆకు అందుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, వాసన చూసి పెదవి విరిచాడు.

"ఏందక్కా ఇది? విన్నపమంటే ఎత్తితే బరువుండాల" అన్నాడు ఓబులేసు.

పక్క అడవిలో ఒక విన్నపాన్ని నాలుగు దుప్పులు కలిసి మోసుకుపోతుంటే తాను కళ్ళారా చూశానన్నాడు. అందులో ఏం రాశారని మునెమ్మ అడిగింది. దూరంగా ఉన్నాను, వినపడలేదన్నాడు. ఆ పని జరిగిందా అని అడిగింది. ఆ సంగతి కనుక్కోలేదన్నాడు.

అక్కడే మునెమ్మ ఆ ఆకు లాక్కుని ఇంటికి పోయి ఉంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు. కానీ పిల్లల సంగతి కదా. చిన్నగా అడిగితే చిన్నచూపు చూస్తారేమోనని భయపడింది. సరే, నువ్వు చెప్పు, నేను రాస్తానంది.

ముందు పొగడ్తలు. ఏనుగవ్వ నడకని పొగిడారు, చెవుల్ని పొగిడారు, తొండాన్ని పొగిడారు. తోకని ఎలా పొగడాలో తెలియక కాసేపు ఆగారు. ఆరు ఆకులు అయ్యాయి.

తర్వాత లాభాలు. దొన నిండితే కలువలు పూస్తాయి. కలువలు పూస్తే తేనెటీగలు వస్తాయి. తేనెటీగలు వస్తే తేనెపట్లు. తేనెపట్లుంటే ఎలుగుబంట్లు. ఎలుగుబంట్లు వస్తే అడవికి గొప్ప పేరు. ఇక్కడ మునెమ్మ ముల్లు ఆపి, ఎలుగుబంట్లు రావడం మనకి మంచిదేనా అని అడిగింది. ఓబులేసు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. రాసెయ్, మంచిదో కాదో వచ్చాక చూద్దామన్నాడు.

ఈలోగా ఆకులు అందిస్తానని చెంగల్రాయుడు అనే కుందేలు వచ్చి చేరాడు. దొన నిండితే నీళ్ళు ఎన్ని రోజులొస్తాయో రాయాలి కదా అని ఆయనకే తోచింది. మంచి ప్రశ్నే. మునెమ్మ తొంభై అంది. కుందేలు తొమ్మిది అని విని ఇంకో ఆకుమీద అదే గీశాడు. ఓబులేసు మూడో ఆకుమీద తొమ్మిది వందలు వేయించాడు.

"ఏడాదికి అన్ని రోజులు లేవు గదన్నా" అన్నాడు చెంగల్రాయుడు.

"అదనంగా ఉంటే చేదా?" అన్నాడు ఓబులేసు.

మూడు ఆకులూ కట్టలోనే ఉండిపోయాయి, ఏది నిజమో ఎవరికీ గుర్తులేదు కాబట్టి.

ఆ తర్వాత అందరి కోరికలు. నలుగురి మద్దతు ఉంటే విన్నపానికి బలమని ఓబులేసు చాటింపు వేశాడు. నెమలి వచ్చి తన ఆటకి నేల చదును చెయ్యాలని రాయించుకుంది. అడవిపందులు వచ్చి పొర్లడానికి బురదగుంట అడిగాయి. ముంగిస కూడా వరసలో నిలబడింది. తన వంతు వచ్చేసరికి ఏం అడగాలో తోచలేదు. ఊరికే పోవడం బాగుండదని తన పేరు మాత్రం రాయించుకుని పోయింది.

ఇన్ని రాశారు కదా, రాయకుండా వదిలేసింది ఒకటుంది. బండ కింద సుబ్బన్న అనే ముసలి ఉడుము కాపురముంటున్నాడు. బండ పడ్డ మర్నాడే చల్లగా ఉందని దాని కిందికి చేరాడు. ఆయన గోళ్ళు అరిగిపోయాయి, కొత్తగా బొరియ తవ్వుకునే ఓపిక లేదు. బండ కదిలితే ఆయన ఇల్లు పోతుంది. ఈ సంగతి మునెమ్మకి బాగా తెలుసు. రాద్దామా అని ఓబులేసుని అడిగింది.

"విన్నపంలో ఎవరైనా నష్టం రాస్తారా అక్కా? అవ్వ మనసు విరిగిపోదూ?" అన్నాడు ఓబులేసు.

రాయకుండా ఊరుకోవడమే కాదు, గట్టిగా ఉండాలని పంతొమ్మిదో ఆకుమీద 'బండ కింద ఏమీ లేదు' అని కూడా రాయించాడు. మునెమ్మకి మనసొప్పలేదు. అయినా రాసింది.

రెండోరోజు సాయంత్రం సుబ్బన్న మెల్లగా పాక్కుంటూ వచ్చాడు. తన గురించి ఏం రాశారో చూపించమన్నాడు. చెంగల్రాయుడు ఒక్కో ఆకూ తిప్పాడు. పంతొమ్మిదో ఆకు దగ్గర సుబ్బన్న ఆగిపోయాడు. తల ఒకవైపు వంచి చూశాడు. ఇంకోవైపు వంచి చూశాడు.

"ఏమీ లేదని నువ్వే రాశావు కదమ్మా" అన్నాడు సుబ్బన్న. "మరి పొద్దున నేను ఎక్కడ నిద్ర లేచాను?"

కోపంగా అనలేదు. ఆయనకి నిజంగానే అయోమయం పట్టుకుంది. రేపు చూద్దాం మామా అని మునెమ్మ గొణిగింది. సుబ్బన్న తిరిగిపోతూ, బండ కింద దూరే ముందు అది తన ఇల్లేనా కాదా అని ఒకసారి ఆగి చూసుకున్నాడు.

కట్ట తయారైంది. నలభై రెండు ఆకులు.

మూడోరోజు పొద్దున అందరూ దొన దగ్గర చేరారు. ఏనుగవ్వ వచ్చి నిలబడింది. చెంగల్రాయుడు ఆకులందించడం, మునెమ్మ చదవడం. అసలైన మొదటి ఆకు కట్టలో ఎక్కడో కలిసిపోయింది. ఆకులకి వరస అంకెలు వెయ్యాలన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

పొగడ్తలు అయ్యేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. అవ్వ చెవులాడిస్తూ ఓపిగ్గా విన్నది. పదో ఆకు అయ్యాక, ఇంతకీ నీకేం కావాలే అని అడిగింది. వస్తోందవ్వా, ముందుంది అంది మునెమ్మ. తర్వాతి ఆకులో ఎలుగుబంట్లు వచ్చాయి. అవ్వ కంగారుగా చుట్టూ చూసి, ఎలుగుబంట్లని తరిమెయ్యాలా అని అడిగింది. కాదవ్వా, రప్పించాలి అంది మునెమ్మ. అని, తాను ఏం అన్నదో తనకే అర్థంకాక నిలబడిపోయింది.

ఆ తర్వాత నెమలి ఆకు. నేల చదును అనే మాట చెవిన పడగానే మందలో ఒక పడుచు ఏనుగు, అదే పని కాబోలనుకుని పరుగున పోయి ఒక చెట్టు పీకేశాడు. నెమలి గంతులేసింది. ఇంకో చెట్టు పీకి ఉంటే ఆ ఏటి పని అదే అయిపోయేది. పిల్లలకి చుక్క నీళ్ళుండేవి కావు. అవ్వ ఘీంకరిస్తే ఆ పడుచువాడు తొండంలో చెట్టుతోనే వెనక్కొచ్చి, తానేం తప్పు చేశాడో తెలియక బిక్కమొహం వేశాడు.

అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆకులు ఇంకా పాతికకి పైగా మిగిలాయి. అవ్వ తొండం ఎత్తి ఇక చాలంది. తాను మూడు అడుగుతాను, జవాబు ఏ ఆకులో ఉంటే ఆ ఆకు చదవమంది.

"మేం ఏమీ చెయ్యకుండా పోతే ఏమవుతుంది?" అని అడిగింది అవ్వ.

మునెమ్మ ఆకులు తిరగేసింది. ఒక ఆకులో అడవికి పేరు రాదని ఉంది. ఇంకో ఆకులో తేనె దొరకదని ఉంది. పక్కనే ఆమె పిల్లలిద్దరూ దొనలోకి దిగి తడి రాతిని నాకుతున్నారు. వాళ్ళ సంగతి నలభై రెండు ఆకుల్లో ఒక్క దాంట్లోనూ లేదు.

"మమ్మల్ని అడిగే ముందు మీరేం చేసి చూశారు?" అని అడిగింది అవ్వ.

నిజానికి మునెమ్మ ఏడు రోజులు బండ పక్కన తవ్వింది. పది ముళ్ళు విరిగాయి. అది కూడా ఏ ఆకులోనూ లేదు. తాను పడ్డ కష్టం రాస్తే విన్నపానికి అందం తగ్గుతుందని ఓబులేసు అప్పుడే వద్దన్నాడు.

"అడిగిన పని చేస్తే ఎవరికి నష్టం?" అని అడిగింది అవ్వ.

దీనికి మాత్రం ఆకు దొరికింది. పంతొమ్మిదోది. చెంగల్రాయుడు తీసి చేతికిచ్చాడు. ముందువరసలో సుబ్బన్న కూర్చుని ఉన్నాడు. ఆయన ఒంటి రంగు, రాతి రంగు ఒకటే. అవ్వ చూపుకి ఆయన ఆనడు. చదివేస్తే అయిపోతుంది. ఓబులేసు ఆకాశంలోకి చూడ్డం మొదలుపెట్టాడు. మునెమ్మ ఆకు వంక చూసింది, సుబ్బన్న వంక చూసింది.

"అవ్వా, ఈ ఆకులో ఉన్నది అబద్ధం. ఇంకో ఆకు రాసుకుంటాను, ఆగుతావా?" అంది మునెమ్మ.

"నేను ఆగుతాను. పొద్దు ఆగదు. రాయి" అంది ఏనుగవ్వ.

మునెమ్మ ముల్లు పీక్కుంది. ఈసారి పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఒకే ఆకు రాసి చదివింది.

"బండ పడి కాలువ మూసుకుపోయింది. దొన ఎండింది. మీరేమీ చెయ్యకపోతే ఎండాకాలం ఇక్కడ తాగడానికి నీళ్ళుండవు. పెద్దవాళ్ళం ఇంకో చోటికి పోగలం, నా పిల్లలు నడవలేరు. ఏడు రోజులు తవ్వి చూశాను, కింద రాయి తగిలింది. పక్కనుంచి కాలువ తీద్దామంటే నేల ఎత్తుగా ఉంది. బండ కింద సుబ్బన్న మామ ఇల్లుంది, బండ కదిలితే ఆ ఇల్లు పోతుంది. ముందు ఆయనకి వేరే బొరియ నేను తవ్వి ఇస్తాను. దొన నిండితే నీళ్ళు ఎన్ని రోజులొస్తాయో కచ్చితంగా తెలియదు, పోయినేడు మళ్ళీ వానల దాకా వచ్చాయి. బండని నాలుగు అడుగులు కిందికి జరపండి."

నెమలి చదును నేల లేదు. పందుల బురద లేదు. ముంగిస పేరు లేదు. జంతువులు గుసగుసలాడాయి. తన గొయ్యి తానే తవ్వుకుందని ఓబులేసు తల పట్టుకున్నాడు.

అవ్వ చెవులు ఆడించడం మానేసింది.

"ఇప్పుడర్థమైంది" అంది. "సుబ్బన్నా, నువ్వు ఎక్కడున్నావో గానీ, నీ మాటేంది?"

ఇక్కడే ఉన్నానవ్వా అన్నాడు సుబ్బన్న, తాను ఉన్నందుకు కాస్త సంతోషపడుతూ. కొత్త ఇల్లు తవ్వి చూపించాకే పాతది వదులుతానన్నాడు. వాకిలి తూర్పుకి ఉండాలన్నాడు. లోపల తోక తిప్పుకునేంత చోటు కావాలన్నాడు. న్యాయమైన కోరికలే. మునెమ్మ తవ్వడం మొదలుపెట్టింది. అడవిపందులు కాసేపు మూతి ముడుచుకుని కూర్చున్నాయి గానీ, మట్టి వాసన తగిలేసరికి ఉండబట్టలేక అవీ వచ్చి తవ్వాయి. బొరియ తయారైంది. సుబ్బన్న లోపలికి పోయి, తిరిగి, తల బయట పెట్టి సరేనన్నాడు.

నాలుగు ఏనుగులు బండకి నుదురు ఆనించాయి. ఒక అడుగు జరిగింది. ఊట నీళ్ళు సన్నగా ఇటు తిరిగాయి. రెండో అడుగు జరిగింది. చేతి లావున ధార దొనలోకి దూకింది. పిల్లలు దాని కింద నోళ్ళు పెట్టారు.

అంతలో పొద్దు పడమటికి వాలింది. ఏనుగులు బండని వదిలి వెనక్కి జరిగాయి. ఇంకో రెండు అడుగులు మిగిలి ఉన్నాయి. ఇంకొంచెం ఆగవ్వా అని మునెమ్మ బతిమాలింది. మందలో ఉన్న పసివాళ్ళు చీకట్లో నడవలేరని, తనకీ పిల్లలున్నారని అవ్వ చెప్పింది.

"ఈ ఒక్క ఆకూ పొద్దున్నే తెచ్చి ఉంటే నాలుగడుగులూ జరిగేవి తల్లీ" అంది ఏనుగవ్వ. కోపం లేదు ఆ మాటలో. తొండంతో మునెమ్మ ముళ్ళని జాగ్రత్తగా తడిమి, మందతో కలిసి వెళ్ళిపోయింది.

ఊట రెండుగా చీలింది. సగం దొనలోకి, సగం లోయలోకి. చలికాలం అయిపోయేసరికి దొన సగం నిండి ఆగిపోయింది. ఆ సగం నీళ్ళనే అడవి అంతా చూసి చూసి తాగింది. మళ్ళీ వానలకి పన్నెండు రోజుల ముందు అవీ అయిపోయాయి. మునెమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. అప్పటికి వాళ్ళ కాళ్ళు కాస్త పొడుగయ్యాయి. మొదటి కొండ ఎక్కారు. రెండో కొండమీద మూడుసార్లు కూలబడ్డారు. చేరారా అని అడగబోతున్నారు కదూ? చేరారు. మీ కళ్ళు తుడుచుకోండి, ముందు నన్ను చెప్పనివ్వండి.

ఆ రెండో కొండమీద, మూడోసారి కూలబడ్డప్పుడు, చిన్నది వాళ్ళమ్మని అడిగింది.

"అమ్మా, మన దొనలో పైసగం ఎందుకు నిండలేదు?"

మునెమ్మ చిన్నదాన్ని ముక్కుతో నెమ్మదిగా పైకి లేపి నిలబెట్టింది.

"ఆ సగం నిండాల్సిన పొద్దంతా మేం ఆకులు చదువుతూ కూర్చున్నాం తల్లీ" అంది.

నీతి: ఏం కావాలో, అది జరగకపోతే ఏమవుతుందో, జరిగితే ఎవరికి నష్టమో ఒక్క ఆకులో నిజంగా రాయగలిగాకే అడగడానికి వెళ్ళాలి.